అన్నగారి వాకిట్లో మచ్చు

మా బావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల మొహాలు చూడడు, నేల చూస్తాడు. మా అక్కతో పెళ్ళయిన కొత్తలో మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం ముందున్న సిమెంటు మెట్టు దగ్గర ఆగిపోయి, "ఇక్కడెప్పుడో కిరసనాయిలు ఒలికింది కదా" అన్నాడు. కొత్త అల్లుడి నోటి నుంచి మొదటి మాట కోసం చూస్తున్న మా నాన్న అది విని, ఏమనాలో తోచక లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మెట్టు మీద వేళాకోళాలు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్నాయి.

బావ పని వాకిళ్ళు కడగడం. గేటు నుంచి కారు షెడ్డు దాకా కాంక్రీటు బాట పోస్తారు చూడండి, కాలనీ వాళ్ళు దాన్ని డ్రైవ్‌వే అంటారు. మేం వాకిలి అనే అంటాం. చీపురుతో, బకెట్టుతో అయ్యే పని కాదది. కారు కింద కారిన ఆయిలు వేరు, టైర్లు గీసిన నల్ల చారలు వేరు, పూలకుండీ కింద ఇనుప స్టాండు వదిలిన తుప్పు వేరు. చెట్టు నీడన పట్టిన నాచు సంగతి చెప్పనే అక్కర్లేదు. దేని మందు దానికుంది, దేని ఓపిక దానికుంది. నేను వ్యాను నడుపుతాను, పైపు లాగుతాను, ఇంటివాళ్ళతో మాట్లాడతాను. నీళ్ళు కొట్టే గన్ మాత్రం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది. నన్ను ముట్టుకోనివ్వడు. నేను అలిగి చూశాను, తిట్టి చూశాను. లాభం లేదు.

ఆ గన్ లోంచి వచ్చే నీళ్ళకి చర్మం చీల్చేంత బలముంటుంది. కాంక్రీటంటే రాయే కదా, దానికేమవుతుందని అందరూ అనుకుంటారు. బావ అలా అనుకోడు. కాంక్రీటు పోసినప్పుడు సిమెంటు పాలు పైకి తేలి, పలచటి పొరగా గట్టిపడతాయి. వాకిలికున్న నునుపంతా ఆ పొరదే. దాని కింద ఇసుక, కంకర. "మనం తియ్యాల్సింది మురికిని, పొరని కాదు. ఆ తేడా చేతికి తెలియాలి" అంటాడు. గన్ని ఒకే ఎత్తులో పట్టుకుని, ఎక్కడా ఆగకుండా, ఇంటి వైపు నుంచి గేటు వైపుకి నడుస్తాడు. ఎవరైనా ముచ్చటపడి ఏటా కడిగించుకుంటాం అన్నారనుకోండి, వచ్చిన బేరాన్ని తనే చెడగొట్టుకుంటాడు. "వద్దండి, ఊరికే కడిగితే అరిగిపోతుంది. మళ్ళీ నల్లబడ్డాక పిలవండి, చాలు" అని చెప్పి వచ్చేస్తాడు. పక్కన నిలబడి పళ్ళు నూరుకోవడం నా వంతు.

ఇంత జాగ్రత్త మనిషికి ఒక్కటే జబ్బు. కోపం వస్తే మాట్లాడడు. అరిచే మనిషై ఉంటే ఇదంతా నేను చెప్పాల్సిన పనే ఉండేది కాదు. అన్నదమ్ములిద్దరూ ఓ పూట గట్టిగా అరుచుకుని, రాత్రికి ఒకచోట కూర్చుని భోంచేసేవాళ్ళు.

బావకి ఒక్కడే అన్న. మేమంతా పెద్దాయన అంటాం. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చేతికింద పెట్టుకుని పని నేర్పింది ఆయనే. మొదటి మిషన్ ఇద్దరూ కలిసి కొన్నారు. పెద్దాయన మాటకారి, బావ పనిమంతుడు. ఆయన ఇంటివాళ్ళతో మాట్లాడేవాడు, ఈయన కడిగేవాడు. మొదట్లో ఇద్దరి బట్టలూ ఒకేలా తడిసేవి. రానురానూ పెద్దాయనకి ఇస్త్రీ చొక్కాలు వచ్చాయి. బావ మాత్రం తడుస్తూనే ఉన్నాడు. అందుకు ఆయనకేం బాధ లేదు. అన్నయ్య పైకొస్తున్నాడని మురిసిపోయేవాడని మా అక్క చెబుతుంది.

ఆ రోజుల్లోనే ఒక డాక్టరుగారింటి వాకిలి కడుగుతున్నారు. ఆ డాక్టరుగారు కొత్త ఆసుపత్రి కట్టించబోతున్నాడు. దాని కాంక్రీటు పని తనకి దక్కుతుందేమోనని పెద్దాయన ఆశ. ఆయన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారక్కడ. బావ చొక్కా విప్పేసి, ఒళ్ళంతా మురికినీళ్ళతో గేటు దగ్గర ఉన్నాడు. డాక్టరుగారి భార్య టీలు తెచ్చి, బావ వంక చూసి, "ఆయన మీకేమవుతారండీ? మీ పోలికే కనబడుతోంది" అంది.

"అబ్బే, మా దగ్గర పనిచేసే మనిషండి" అన్నాడు పెద్దాయన.

సరిగ్గా అంతకుముందే పెట్రోలు అయిపోయి మిషన్ ఆగింది. బావ ఖర్మ. ఇంకో చెంబెడు పెట్రోలు ఉండుంటే ఆ మోతలో ఏమీ వినబడేది కాదు. బావ గన్ని జాగ్రత్తగా నేలమీద పెట్టాడు. గోడమీది చొక్కా తీసుకుని వేసుకున్నాడు. సగం కడిగిన వాకిలిని అలాగే వదిలేసి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు. ఏమైందని మా అక్క అడిగితే "నీరసంగా ఉంది" అన్నాడు. అసలు సంగతి చాలా రోజుల తర్వాత గానీ చెప్పలేదు.

ఇక అన్నదమ్ములకి మాటల్లేవు. పెద్దాయన మాట వాళ్ళింటావిడ ద్వారా మా అక్క చెవిన పడింది. "ఏదో ఆ పూటకి అన్నాను. దానికింత రాద్ధాంతమా? వాడికి నేను చేసిందంతా ఆ ఒక్క మాటతో పోయిందా?" అన్నాడట. నన్నడిగితే ఇద్దరిదీ తప్పే. నోరు జారినవాడు వచ్చి జారిందని ఒప్పుకోవచ్చు. విన్నవాడు వెళ్ళి ఎందుకన్నావని నిలదీయొచ్చు. ఆయన రాడు, ఈయన వెళ్ళడు. ఇద్దరికీ ఒకే తల్లి పాలిచ్చిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఒకసారి వ్యాన్లో వస్తూ విసుగొచ్చి అడిగేశాను.

"అసలు ఏం చేస్తే నీ కోపం తీరుతుంది బావా? ఆయన వచ్చి నీ కాళ్ళు పట్టుకోవాలా?"

"ఛ, అవేం మాటలురా. అన్నయ్య నా కాళ్ళు పట్టుకోవడమేంటి" అన్నాడు. వ్యాను సందు మలుపు తిరిగింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నలుగురిలో కాదన్నాడు కదా. నలుగురిలోనే ఒక్కసారి తమ్ముడు అనాలి. అంతకుమించి నాకేం అక్కర్లేదు."

మా అక్క నన్ను పొద్దున లేచింది మొదలు ఆ మాటతోనే పిలుస్తుంది. తమ్ముడూ ఆ గ్లాసిలా ఇవ్వరా, తమ్ముడూ ఆ తలుపు దగ్గరగా వెయ్యరా. నా చెవికి ఆ మాట ఆననైనా ఆనదు. దానికోసం ఒక మనిషి ఇన్నేళ్ళు కాచుకుని కూర్చుంటాడని నాకా రోజే తెలిసింది. జాలి వేసింది, ఒళ్ళూ మండింది.

పెద్దాయనకి కాంట్రాక్టులు బాగా కలిసొచ్చాయి. మేం ఎక్కువగా పనిచేసే కాలనీలోనే ఇల్లు కట్టాడు. వాకిలి తనే దగ్గరుండి పోయించుకున్నాడు. వంక పెట్టడానికి లేదు, వాలు దగ్గర్నుంచి అంచుల దాకా అంత బాగా కుదిరింది. కానీ ఎంత బాగా పోసినా వాన వానే, కారు కారే. కొన్నాళ్ళకి నల్లబడింది. ఆయనింటికి అటువైపు ఇంటి వాకిలీ మేమే కడిగాం, ఇటువైపుదీ మేమే కడిగాం. మధ్యలో ఆయనది బొగ్గుల కొట్టులా ఉండేది. ఆయన మమ్మల్ని పిలవలేదు. వేరేవాళ్ళనీ పిలవలేదు.

మా పనిలో మచ్చు అని ఒకటుంది. కడిగించుకోవాలా వద్దా అని ఊగిసలాడే ఇంటికి వెళ్ళి, "ఊరికే చూపిస్తాం, నచ్చితేనే పిలవండి" అని చెప్పి, వాకిలి మధ్యలో ఒక పీట పట్టేంత చోటు చదరంగా కడిగి వచ్చేస్తాం. అప్పటిదాకా వాళ్ళకి తమ వాకిలి మురికిగా ఉందనే తెలియదు. ఆ చదరం చూశాక ఇంకేదీ కనబడదు. గేటు తీసినప్పుడల్లా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. రెండు రోజులు ఓర్చుకుంటారు, మూడో రోజు ఫోన్ చేస్తారు. కాస్త దొంగబుద్ధి ఉందందులో, కాదనను. కానీ మచ్చు వేసొచ్చాక పిలవని ఇల్లు ఒక్కటీ లేదు.

ఒకనాటి పొద్దున పెద్దాయన గేటు ముందు నుంచి వెళుతుంటే బావ వ్యాను ఆపమన్నాడు. గేటు తీసే ఉంది. పెద్దాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. బావ దిగి, మిషన్ పెట్టి, గేటుకి ఇవతల కాదు, లోపలికి అడుగుపెట్టి, వాకిలి నడిమధ్యన మచ్చు వేశాడు. మిషన్ మోతకి పక్కిళ్ళ వాళ్ళు బయటికొచ్చి చూశారు. పెద్దాయన పేపరు దించలేదు. పైగా ఇంకాస్త పైకెత్తాడు. బావ పైపు చుట్టుకుని వచ్చి వ్యానెక్కాడు.

"ఏంటి బావా ఇది?" అన్నాను.

"మచ్చు" అన్నాడు. "పిలుస్తాడు చూడు."

ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఉరికేవాడు. ఎవరో ఒకరు ఉండేవాళ్ళు అటువైపు. పెద్దాయన మాత్రం కాదు. ఆయన రోజూ ఆ చదరం మీంచే కారు తీసుకెళ్ళేవాడు, ఆ చదరం మీంచే తెచ్చేవాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు.

మరుసటి ఏడు వానలు వెలిశాక మచ్చు మాసిపోయింది. బావ మళ్ళీ వెళ్ళాడు, అదే చోట, అదే కొలతకి మళ్ళీ కడిగాడు. ఆ మీదటి ఏడూ అంతే. అంచులు గీత గీసినట్టు రావాలని గన్‌కి సన్నటి ముక్కు తొడిగేవాడు. ఎవరింట్లోనూ వాడని ముక్కు అది. నీళ్ళు సూదిలా దిగుతాయి. పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఇద్దరు ముసలివాళ్ళు పిల్లల్లా పంతాలకి పోతుంటే, కాలనీ వాళ్ళు నన్నడిగేవాళ్ళు ఏంటి సంగతని. పైపు లీకవుతోందేమో చూసి వస్తానని మాట దాటేసేవాణ్ణి.

ఒక ఏడు ఆ చదరం దగ్గర వంగి చూస్తే పైపొర లేచిపోయి గరుకు తేలింది. కంకర పలుకులు బయటికి కనబడుతున్నాయి.

"బావా, ఊరందరికీ చెబుతావు, ఒకేచోట కొట్టకూడదని. ఇక్కడ పొర పోతోంది చూశావా?"

"చుట్టూ కడిగితే కలిసిపోతుందిలే" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. అంత పనితనం తెలిసిన మనిషి, తెలియక అన్న మాట కాదది. కోపం తలకెక్కితే తెలిసినది కూడా తెలియకుండా పోతుంది కాబోలు.

అయితే బావ ఆశ చావకుండా పెద్దాయన కూడా తన వంతు తాను చేశాడు. ఒకసారి ఆయన కొడుకు చూడలేక వేరే కంపెనీ వాళ్ళని పిలిపించాడు. వాళ్ళు పెద్ద మిషన్లతో వస్తే పెద్దాయన గేటు దగ్గరే ఆపేసి, "అక్కర్లేదు. మొదలుపెట్టినవాడు ఉన్నాడు, వాడే పూర్తిచేస్తాడు" అని పంపేశాడట. వాళ్ళింటావిడ మా అక్కకి చెప్పింది, అక్క బావకి చెప్పింది. ఆ రోజు బావ రెండు వాకిళ్ళు కడిగి కూడా అలసిపోలేదు. "'వాడే' అన్నాడా? వాడే పూర్తిచేస్తాడన్నాడా?" అని అక్కని మళ్ళీ మళ్ళీ అడిగాడు. మరి పిలవొచ్చుగా అన్నాను నేను. "పిలుస్తాడురా. ఆయనకి కాస్త టైం పడుతుంది" అన్నాడు. ఎన్నేళ్ళు పడుతుందని అడగబోయి, అక్క కళ్ళెర్రజేస్తే ఊరుకున్నాను.

ఈ ఏడాది పెద్దాయన మోకాళ్ళు మొరాయించాయి. అంత ఇల్లు వాళ్ళిద్దరికీ ఎందుకని, కూతురుండే చోట లిఫ్టు ఉన్న ఫ్లాటు చూసుకున్నారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఫ్లాటులో వాకిలి ఉండదు. ఒక సాయంత్రం బావకి వాళ్ళ వదిన ఫోన్ చేసింది.

"మరిదీ, ఆదివారం ఇల్లు చూడటానికి వస్తున్నారు. వాకిలి కడగాలి. వస్తావా?"

బావ ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. "అన్నయ్య చెప్పమన్నాడా వదినా?"

"వాకిలి కడిగించు అన్నారు."

"నన్ను పిలవమన్నాడా?"

"ఇంకెవర్ని పిలుస్తాం నాయనా" అంది ఆవిడ. ఆ మాటకి అటూ ఇటూ అర్థం చెప్పుకోవచ్చు. బావ తనకి కావాల్సిన అర్థమే చెప్పుకున్నాడు.

ఆదివారం తెల్లవారేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. మా అక్క నోరెళ్ళబెట్టింది. "కడగడానికి వెళ్ళే మనిషికి ఇస్త్రీ ఎందుకండీ? మొదటి చుక్కకే పాడవుతుంది."

"పైన రెయిన్ కోటు వేసుకుంటాలే. పని అయ్యాక లోపలికి పిలిస్తే?" అన్నాడు. అక్క కాలరు సర్ది పంపించింది.

మేం వెళ్ళేసరికి పెద్దాయన వరండాలో చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఈసారి పేపరు లేదు. బాగా తగ్గిపోయాడు. బావ గేటు దాటి వెళ్ళి, ఆయనకి ఎదురుగా ఆగాడు. ఇద్దరి మధ్యా ఒక పూలకుండీ అంత దూరం.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "పైపు ఆ కుండీలకి తగలకుండా చూడమని మీ బావకి చెప్పు."

బావ కూడా నా వైపే తిరిగాడు. "కారు బయట పెట్టించమని అన్నయ్యకి చెప్పు."

ఇద్దరికీ మధ్య నిలబడి, ఇద్దరూ విన్న మాటల్ని ఇద్దరికీ మళ్ళీ చెప్పాను. ఇంకో ఇంట్లో అయితే పడీపడీ నవ్వేవాణ్ణి.

బావ ఆ రోజు కడిగినట్టు ఎన్నడూ కడగలేదు. ముందు వాకిలంతా తడిపాడు. ఆయిలు మరకలకి మందు పోసి, బ్రష్షుతో మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాడు. నానేదాకా ఓపిగ్గా ఆగాడు. తర్వాత వెడల్పు ముక్కు తొడిగి, షెడ్డు తలుపు దగ్గర మొదలుపెట్టి వరసగా దిగుతూ వచ్చాడు. ఒక వరస అంచు మీదికి ఇంకో వరస అంచు, ఎక్కడా చార పడలేదు. ఏళ్ళ నాటి నలుపు కాలవ కట్టి గేటు కిందుగా రోడ్డు మీదికి పోయింది. మళ్ళీ రోడ్డు మీది ఆ మురికి కూడా కడిగాడు. చదరం దగ్గరికి వచ్చినప్పుడు గన్ బాగా పైకెత్తి, మెల్లగా, తుంపర మాత్రం పడేట్టు పోనిచ్చాడు. మధ్యమధ్యలో వరండా వైపు చూస్తున్నాడు. పెద్దాయన నీళ్ళవైపే చూస్తున్నాడు.

తడిగా ఉన్నంతసేపూ వాకిలంతా ఒకటే రంగు. బావ మొహంలో నిజంగానే నెమ్మది కనిపించింది. కలిసిపోయిందనుకున్నాడు పాపం. రెయిన్ కోటు విప్పి, చొక్కా మడతలు సవరించుకున్నాడు.

ఎండ ఎక్కింది. షెడ్డు వైపు నుంచి ఆరడం మొదలైంది. ఆరినకొద్దీ లేత బూడిదరంగు తేరుతూ వస్తోంది, పోసిన నాటి నునుపు. చదరం మాత్రం ఆరలేదు. గరుకు నీటిని పీల్చుకుని వదల్లేదు. చివరికి అదీ ఆరాక, అంత వాకిట్లోనూ అదొక్కటే ముదురు రంగులో, కంకర తేలి, నాలుగు అంచులూ గీసినట్టుగా నిలబడింది. ఇన్నాళ్ళూ మురికి మధ్య తెల్లగా కనిపించిన చోటే ఇప్పుడు శుభ్రమైన వాకిట్లో మరకలా ఉంది. బావ వెళ్ళి దాని పక్కన గొంతుక్కూర్చుని అరచెయ్యి ఆనించాడు.

"పైపూత వేద్దామా బావా?" అన్నాను మెల్లగా.

"వేస్తే ఇంకా ముదురుతుంది" అన్నాడు. లేచి పైపు చుట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఇల్లు చూడటానికి ఒక భార్యాభర్తా, వాళ్ళ బంధువు ఒకాయన వచ్చారు. పెద్దాయన భార్య ఎదురొచ్చి పలకరించింది. పెద్దాయన కర్ర ఊతంతో వరండా దిగాడు. వచ్చినావిడ వాకిలి చూసి "ఎంత బాగుంచుకున్నారండీ" అంటూనే చదరం దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి, ఇక్కడ మాత్రం ఇలా ఉంది?"

బావ చేతిలో పైపు చుట్టలు చుట్టుకుంటూనే ఉన్నాయి. పెద్దాయన చదరాన్ని చూశాడు. తల ఎత్తి బావని చూశాడు.

"అది మా తమ్ముడు చేసిన పని" అన్నాడు.

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అందులో కోపముందా, ఎత్తిపొడుపుందా, ఏ మూలైనా అభిమానముందా అని నేను ఆ మాటని ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకుని చూశాను. నాకు తెలియలేదు. పగిలిన అద్దం ఎవరు పగలగొట్టారని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

"అయ్యో, సొంత తమ్ముడేనా? మరి చెప్పి బాగుచేయించుకోకపోయారా?" అంది ఆవిడ.

"బాగవుతుందో లేదో అతన్నే అడగండి" అని పెద్దాయన కర్రతో బావని చూపించాడు. "పని తెలిసిన మనిషి."

ముగ్గురూ బావ వైపు తిరిగారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, పైన ఇస్త్రీ చొక్కా. ఆ అన్నదమ్ముల పోలిక ఈసారి ఎవరికీ కనబడలేదు. నేను నోరు తెరవబోయాను. బావ నా వైపు ఒక్క చూపు చూశాడు, మూసుకున్నాను.

"ఏం బాబూ, ఇది బాగవుతుందా?" అనడిగాడు వచ్చినాయన.

"అవదండి" అన్నాడు బావ. "పైన సిమెంటు పాలు పోయాయి. పోతే మళ్ళీ రావు. అంతా పగలగొట్టి కొత్తగా పోసుకోవాల్సిందే."

"పాపం, తెలియక చేసుంటాడు" అన్నాడు బంధువు.

"తెలిసే చేసుంటాడండి" అన్నాడు బావ.

పెద్దాయన కర్ర నేలమీద ఒకసారి ఆనించి, "రండి, లోపల గదులు చూద్దురుగాని" అని వాళ్ళని తీసుకెళ్ళిపోయాడు. వదినగారు గుమ్మంలో వెనక్కి తిరిగి బావని చూసింది, ఏదో అనబోయింది. లోపలి నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయింది. మేం మిషన్ వ్యానెక్కించి గేటు దగ్గరగా వేసి వచ్చేశాం.

దారిపొడుగునా నాకు లోపల ఉడికిపోతూనే ఉంది. అంత వయసొచ్చిన మనిషికి, కర్ర లేనిదే అడుగు పడని మనిషికి, పంతం మాత్రం ఇంకా నిటారుగా నిలబడగలుగుతోంది. ఈయన సంగతి చూద్దామా, ప్రపంచంలో వాకిళ్ళన్నీ కాపాడి, అన్నగారి వాకిలిని ఏడాదికోసారి చేతులారా పాడుచేసొచ్చాడు. తిడదామని పక్కకి చూశాను. బావ అరచేతిలోకి చూసుకుంటూ కూర్చున్నాడు. చదరాన్ని తాకిన చెయ్యి. తిట్టలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి అక్క వీధి తలుపు దగ్గరే ఉంది. చొక్కా చూసింది. ఎక్కడా మరక లేదు.

"ఏమండీ, మీ అన్నయ్య మాట్లాడారా?"

బావ బూట్లు విప్పుతున్నాడు. "ఆఁ" అన్నాడు. "తమ్ముడు అన్నాడు. నలుగురిలోనే అన్నాడు."

బూట్లు గోడవారన పెట్టి, స్నానానికి వెళ్ళిపోయాడు. లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు అలా పడుతూనే ఉంది. అక్క ఉన్నచోటే నిలబడిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మొహమంతా వెలుగుతోంది. ఇన్నేళ్ళలో మా అక్క మొహం అలా ఉండగా నేను చూడలేదు.

"నిజమేనా తమ్ముడూ?" అంది నా చెయ్యి పట్టుకుని.

"నిజమే అక్కా" అన్నాను.